దసరాకు కడిగిన గాజుకడ్డీలు

గాజుపూస పగిలితే పెద్ద చప్పుడేమీ రాదు. టిక్‌మంటుంది, అంతే. నిన్న డాలీగంజ్‌లో మా ఇంట్లో పని చేసుకుంటుంటే ఆ చప్పుడు విని పార్వతి దీదీని తలుచుకున్నాను. గాజుకడ్డీని మంటలో కరిగించి, ఇనుప పుల్లకు చుట్టి పూస చేయడం నాకు నేర్పింది ఆవిడే. తెలుగూ హిందీ కలిసిపోయిన మా దీవి ఊళ్ళోనే, గోల్ ఘర్ పేటలో వాళ్ళింటి వెనక రేకుల గదే ఆవిడ కార్ఖానా. నోరు మాత్రం ఆ మంటకేమీ తీసిపోదు.

పదో తరగతి తప్పి ఆవిడ దగ్గర చేరాను. మా నాన్న పడవ మీద వేటకు వెళ్ళే మనిషి. "దీపావళి దాకా సూస్తాను. ఈ పూసలు నీకు కూడు పెట్టకపోతే మీ మావ సేపలకొట్లో కూకుందువు" అని గడువు పెట్టాడు. చేపలమ్మడం నామోషీ అని కాదు, నాకు ఆ మంట ముందు కూర్చోవడమంటేనే ప్రాణం.

ఆ దసరాకు ఆయుధపూజ పని నా నెత్తిన వేసుకున్నాను. రంగులేని కడ్డీల్లో కొన్నిటికి ఎర్రదారం, కొన్నిటికి పచ్చదారం కట్టి ఉండేవి. మాసిపోయాయని అన్నీ తెంపేసి, కడ్డీలు కడిగి, ఒకే డబ్బాలో నిలబెట్టి పసుపూ కుంకుమా పెట్టాను. దీదీ వచ్చి హారతి ఇచ్చింది గాని, పూలదండల మధ్య దారాలు లేని సంగతి గమనించలేదు.

పండగ వెళ్ళాక అబర్డీన్ బజార్‌లో ఒక కొట్టుకు మొదటి పూసల దండలు నేనే చేసి ఇచ్చాను. నీలం పూస, దానిమీద రంగులేని గాజు పొర. మూడోనాటికి సగం పూసలు బీటలు వారాయి. కొట్టాయన కబురు పెట్టగానే దీదీ నేరుగా డబ్బా దగ్గరికి వెళ్ళింది.

"దారాలేవే లచ్చిమీ?"

"మాసిపోయాయని తీసేశాను దీదీ."

"నీ సుబ్బరం తగలెయ్య! ఆ కడ్డీలు రెండు రకాలే పిల్లా!" అని కడిగిపారేసింది. తర్వాత చెప్పులేసుకుని నన్ను కూడా కొట్టుకు తీసుకెళ్ళింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. కొట్టాయన నన్ను ఎగాదిగా చూస్తుంటే దీదీ అడ్డం వచ్చింది.

"గల్తీ నాది భయ్యా. ఆ దారాలెందుకో దీనికి నాను సెప్పనేదు. మళ్ళీ సేసి తెచ్చేది కూడా ఇదే."

తిరిగొచ్చాక రెండు రంగులేని కడ్డీల కొసలు పక్కపక్కన పెట్టి కరిగించి, అతికించి, సన్నటి తీగలా లాగింది. చల్లారుతూ తీగ విల్లులా వంగింది. "సూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. సల్లారినప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుంటాది, ఒకటి తక్కువ. రెండూ ఒక పూసలో ఇమడవు. నీలానికి ఈటిలో ఒక్క రకమే జత." డబ్బాలోని ప్రతి కడ్డీనీ నీలం కడ్డీతో అలా అతికించి చూశాను. తీగ తిన్నగా నిలిచినవి ఒకవైపు, వంగినవి ఒకవైపు పెట్టాను. రెండు రోజులు పట్టింది. కొత్త దండల్లో ఒక్క పూసా పగల్లేదు. దీపావళి వచ్చి వెళ్ళింది, నాన్న చేపలకొట్టు మాటెత్తలేదు.

దీదీ ఇప్పుడు లేదు. తప్పులు సర్దిపెట్టే పెద్దవాళ్ళను తర్వాత చాలామందిని చూశాను. వాళ్ళు తప్పుతో పాటు పనిని కూడా మన చేతిలోంచి లాక్కుంటారు. దీదీ తప్పును తన మీద వేసుకుని, పనిని నాకే వదిలింది. అందుకే ఈ పూట కూడా నేను మంట ముందు కూర్చోగలుగుతున్నాను.