అన్న ఈతకు రాని ఎండాకాలం

పదకొండేళ్లప్పుడే, ఎడ్లతో నీళ్లు తోడే మా కపిల బావి అడుగు ముట్టి, గుప్పెడు బురదతో పైకి తేలానని మనవళ్లకు చెబుతుంటాను. నిరుడు చెప్పినప్పుడు ఆ బురదలో ఒక తాబేలు కూడా ఉంది. నిజానికి పొట్ట కింద మా అన్న అరచెయ్యి లేనిదే నేను బావి మెట్టు వదిలేవాణ్ణి కాను.

ఇది యాభైలలో మాట. డోన్ దగ్గర మా పల్లె. అన్నకు పదహారేళ్లు. ఆ ఎండాకాలం వాడు ఈతకు రావడం మానేశాడు. తడి గోచీలో వాపు కనబడుతుందని భయం. కారణం నా ఒక్కడికే చెప్పాడు: ఒక వృషణంలో చెనక్కాయంత గట్టి గడ్డ. నొప్పి మాత్రం లేదట.

"నాయనకు చెప్పన్నా" అన్నాను.

"చెప్తే? మొన్న కోడెకు చేసింది సూడలేదా?"

చూశాను. సేద్యానికి లొంగాలని కోడెను నేలమీద పడేసి, కర్రల మధ్య బీజాలు నలగగొట్టారు. దాని కాళ్లు పట్టుకున్నది అన్నే. ఆసుపత్రికి పోతే తననూ అట్లే చేసి పంపుతారనుకున్నాడు.

"ఎవురికీ చెప్పనని ఒట్టెయ్. నా బొంగరం నీకిస్తా."

బొంగరం తీసుకున్నాను.

ఒకనాడు కపిల తోలుతూ నాయన అడిగాడు. "ఏమప్పా, మీ యన్న బాయికాడికి రాకుండా యాడ తిరుగుతాండాడు?"

"సదువుకుంటాండాడు నాయనా."

"ఏం సదువుతాడు? పుస్తకం పోయినేడే మేక తినేసె గదా."

నాయన నవ్వాడు. నేనూ నవ్వాను.

కార్తీకంలో చెనక్కాయ పీకే నాటికి అన్నకు నడుంనొప్పి, దగ్గు పట్టుకున్నాయి. ఒళ్లు తుడుస్తూ అమ్మ గడ్డ చూసింది. కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు, గడ్డ ఎప్పటిదో అన్నను అడిగి, నాయనతో అన్నాడు: "ఎండాకాలంలోనే తెచ్చింటే గడ్డ ఉన్నదాన్ని తీసేసేవాళ్లం. రెండోది ఉంటాది గదా, పెండ్లికీ పిల్లలకూ అడ్డం లేదు. ఇప్పుడు ఊపిరితిత్తులకు పాకింది."

అన్న నా వైపు తిరిగాడు. "కోడె మాదిరి కాదంట రా" అన్నాడు మెల్లగా.

ఉగాదికి వాడు లేడు.

నాయన పోయాక, గడ్డ సంగతి ఆయనకు అప్పుడే చెప్పాననీ, ఆయనే పట్టించుకోలేదనీ చుట్టాల దగ్గర అంటూ వచ్చాను. అదీ తాబేలు లాంటి మాటే. నేను చెప్పలేదు.

ఈత నాకు ఇప్పటికీ రాదు. మనవళ్లు కాలువలోకి రమ్మంటే మోకాళ్ల లోతులో నిలబడతాను. ఒక్కసారి బోర్లా వాలిపోదామని ఉంటుంది, పొట్ట కింద ఆ అరచెయ్యి తగులుతుందేమోనని.