ట్రాక్టరుకు తగిలించిన తవ్వుడు చెయ్యి

ఆమెను అందరూ ట్రాక్టరక్క అనేవారు. తండ్రి నడిపిన బండినే పెళ్ళయ్యాక కూడా ఆమే నడిపింది. దున్నడమైనా, ఇటుకలు తోలడమైనా, బురదలో దిగబడ్డ లారీని లాగడమైనా కాదనేది కాదు. భర్త వెల్డరు. చేతిలో పనితనం ఎంతో, బుర్రలో తొందర అంత.

ఒకరోజు అతను పాత ఇనుప కొట్టు నుంచి కాలువలు తవ్వే పెద్ద ఇనుప చెయ్యి ఒకటి తెచ్చాడు. ఒక కొసన బకెట్టు, ఇంకో కొసన సీటు, మీటలు. ట్రాక్టరు వెనక నాగలి తగిలించే మూడు కొక్కేలకే దాన్ని బిగించేశాడు.

"దీనికి బండి కింద ఇనుప చట్రం ఉండాలి కదండీ? బరువంతా కొక్కేల మీదే పడితే ఎలా?"

"నాగలిని మోసే బండి దీన్ని మొయ్యదా? ఊరికే భయపడతావేంటి?"

అతని ముఖంలో సంబరం చూసి ఆమె సరేనంది.

మొదటి పని పక్కింటి ముసలాయన తోటలో నీళ్ళ పైపుకు కాలువ. మెత్తటి నేల ఉన్నంతసేపూ బాగానే సాగింది. తర్వాత బకెట్టుకు బండ తగిలింది. దాని సీటులో వెనక్కి తిరిగి కూర్చున్న ఆమె మీట గట్టిగా నొక్కింది. బండ కదల్లేదు. బకెట్టు కిందికి దిగలేక, సీటుతో సహా ఆ చెయ్యి మొత్తం పైకి లేచి ట్రాక్టరు మీదికి ముడుచుకుంది. కొక్కేలు పైకి లేవకుండా ఆపేది అక్కడ ఏదీ లేదు. ఆమె వీపు స్టీరింగుకు కొట్టుకుంది. మీటల దిమ్మ ఛాతీని అదిమింది.

భర్త పరుగెత్తుకొచ్చి మీట అందుకోబోయాడు.

"ముట్టుకోకండి! ఇంజనాపండి..."

ఆపాడు. ముసలాయన తెచ్చిన జాకీని సందులో పెట్టి, కొద్దికొద్దిగా ఎత్తి, ఆమెను బయటికి లాగారు.

పక్కటెముకలు రెండు విరిగాయి. ట్రాక్టరు గేరుపెట్టె నిలువునా చీలి నూనె కారిపోయింది.

ఆస్పత్రిలో భర్త మంచం పక్కనే ముడుచుకుని కూర్చున్నాడు.

"ఒక్క మాటైనా తిట్టవే" అన్నాడు చివరికి.

"ఊపిరి తీస్తేనే నొప్పిగా ఉంది. తిట్లకు కాస్త ఆగండి."

నవ్వబోయి ఏడ్చేశాడతను.

ఆమె లేచి తిరుగుతున్న రోజుల్లో ఒక రైతు ఆ చెయ్యి కొంటానని వచ్చాడు. ఆ డబ్బు గేరుపెట్టె మార్చడానికి ఆసరా అవుతుందని భర్తకు ఆశ పుట్టింది.

"దేనికి తగిలిస్తావన్నా?" అని అడిగింది ఆమె.

"మా ట్రాక్టరుకేనమ్మా. మావాడు నడుపుతాడు."

ఆమె చొక్కా మీద నుంచే పక్కటెముకలు తడుముకుంది. "అయితే ఇవ్వను. నీ కొడుకును నా చేత్తో దాని మీద కూర్చోబెట్టలేను."

రైతు సణుక్కుంటూ వెళ్ళిపోయాడు. భర్త వెల్డింగు కళ్ళద్దాలు పెట్టుకుని, గ్యాసు మంట వెలిగించి, ఆ చేతిని కీళ్ళ దగ్గర ముక్కలుగా కోయడం మొదలుపెట్టాడు. చల్లారిన ముక్కను ఎత్తబోతున్న ఆమెను మోచేత్తో పక్కకు జరిపి, తనే మోసుకెళ్ళి గోడవార పడేశాడు.