అవ్వ తుడవని విభూది

మా చిన్నతనంలో విభూది బుధవారం దగ్గరపడితే, గోడమీద సిలువ వెనక నుంచి ఎండిన ఈతాకులు కిందికి దిగేవి... పోయిన ఏడు మట్టల ఆదివారం గుడిలో ఇచ్చినవి. అవ్వ వాటిని కొంగులో చుట్టి మళ్లీ గుడికే తీసుకెళ్లేది. గుడిలో ఫాదర్‌కు సాయంగా ఉండే ఉపదేశి వాటిని పాత బాణలిలో కాల్చి, బూడిదను పలచని గుడ్డలో జల్లించేవాడు.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం ఆ బుధవారమే మొదలు. పొద్దున్నే పూజ. నువ్వు మట్టివి, మట్టిలోనే కలుస్తావని చెబుతూ ఫాదర్ నుదుట ఆ బూడిద పెట్టేవాడు. ఆ రోజు పెద్దలకు ఒక్కపొద్దు. సాయంత్రం సంగటి, ఊరిబిండి పచ్చడి... అంతే.

గుడి బయట ఇంకో ఆచారం ఉండేది. అది ఏ పుస్తకంలోనూ లేదు. గేటు దాటగానే మగవాళ్లు టవలుతో, ఆడవాళ్లు కొంగుతో నుదురు తుడుచుకునేవాళ్లు. మా నాయన కూడా.

కారణం ఉంది. కాగితాల్లో మేము హిందూ ఎస్సీలం. క్రైస్తవులమని తేలితే ఎస్సీ పోయి బీసీ-సి. పిల్లల హాస్టల్ సీటు ఆ కాగితం మీదే ఆధారపడేది.

అవ్వ ఒక్కతే తుడిచేది కాదు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, హిందూపురం హాస్టల్ కోసం సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టాం. విచారణకు వీఆర్వో సరిగ్గా విభూది బుధవారం నాడే మా ఇంటికి వచ్చాడు. నాయన నుదురు శుభ్రంగా ఉంది. నాది ఆయనే తుడిచాడు. అవ్వ మాత్రం బూడిదతోనే అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు వలుస్తోంది. లోపలికి పొమ్మని నాయన రెండుసార్లు చెప్పాడు. కదల్లేదు.

వీఆర్వో చెడ్డవాడు కాదు. తనే దారి చూపించాడు.

"ఏమవ్వా, ఈశ్వరుని గుడికి పోయొచ్చినావా?"

అవునంటే చాలు. రాసుకుని వెళ్లిపోయేవాడు.

"లేదప్పా. మా గుడిలో పూజకు పోయొచ్చినా," అంది అవ్వ.

"పాప సీటు పోతాదవ్వా," అన్నాడు వీఆర్వో నా వైపు చూపిస్తూ.

"తపస్సు కాలం మొదటి దినమే అబద్ధమాడి, ఇంక నలభై దినాలు ఒక్కపొద్దుండి ఏం లాభమప్పా? పాప బస్సులో పోతాది. బస్సు రాకుంటే నడుస్తాది. కాళ్లుండాయి కదా."

సీటు పోయింది. మూడేళ్లు మా ఊరు పరిగి నుంచి హిందూపురానికి బస్సులో తిరిగాను. చాలా రోజులు నాయన అవ్వతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఆ కోపం ఇప్పుడూ ఉంది... అవ్వ మీద కాదు. మేముండే కాలనీ మారలేదు. హోటల్లో మాకు విడిగా పెట్టే గ్లాసు మారలేదు. మారింది కాగితం ఒక్కటే.

మరుసటి ఏడు విభూది బుధవారం నాడు గేటు దాటాక నాయన టవలు భుజం మీదే ఉంది. ఇంటిదాకా తుడుచుకోలేదు. అవ్వ చూసింది.

నాయన, అవ్వ ఇప్పుడు లేరు. నేను ధర్మవరంలో విలేకరిని. విభూది బుధవారం నాడు ఆఫీసులకు ఆ మచ్చతోనే వెళ్తాను. నుదుటికి ఏదో అంటుకుందని ఎవరో ఒకరు కాగితం రుమాలు ఇస్తారు. వద్దంటాను.

ఇప్పుడు చాలా గుళ్లకు బూడిద ప్యాకెట్లలో వస్తోంది. సిలువ వెనక ఈతాకులు దించే పనే లేదు... గేటు దగ్గర తుడుచుకోవడం మాత్రం ఇంకా పోలేదు.

మీ గుడి గేటు దగ్గర తుడుచుకోకుండా నడిచి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల గురించి కింద రాయండి. భయపడి తుడుచుకున్నవాళ్ల గురించి కూడా రాయండి... మా నాయన కూడా చాలా ఏళ్లు వాళ్లలో ఒకడే.