తెర వెనక దీపం

కమలాకుమారి పొద్దున్నే దేవుడి అరలో దీపం పెడుతుంది. శుక్రవారం పాస్టరు దానయ్య ప్రార్థనకు వచ్చే వేళకు ఆ అరకు అడ్డంగా పాత చీర కడుతుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసిన భర్త త్రినాథరావు పక్షవాతంతో మంచం పట్టినప్పటి నుంచి ఇదే వరస. విభూతి పొట్లం పక్కనే ప్రార్థన నూనె సీసా ఉంటుంది. ఏ దేవుడు వింటాడో తెలియక ఆవిడ ఎవరినీ వదులుకోలేకపోయింది.

ఈ శుక్రవారం దానయ్య ఇశ్రాయేలు ప్రవక్తల మాట ఎత్తాడు. "మనసు రెండు దిక్కుల పెట్టుకొని ఎతికితే దేవుడు దొరకడమ్మా" అంటుండగానే కమురు వాసన వచ్చింది. ఆవిడ పరుగున వెళ్లి చీర లాగేసింది. వెనక దీపం వెలుగుతూనే ఉంది. "ఊదెయ్యమ్మా, జల్దీ!" అన్నాడాయన. దీపాన్ని నోటితో ఊదకూడదని పుట్టింట్లో నేర్పారు. ఊదితే మంచం మీది మనిషికి ఏమవుతుందో, ఊదకపోతే ప్రార్థన ఏమవుతుందో ఆవిడకు పాలుపోలేదు. చివరికి ప్రమిదను రెండు చేతులా పట్టుకొని వచ్చి ఆయన ముందు మోకరిల్లింది. "మీరు ప్రార్థన చెయ్యండయ్యా. నేను పట్టుకుంటాను." దానయ్య నిట్టూర్చి కళ్లు మూసుకున్నాడు. కమలాకుమారి కూడా మూసుకుంది, ఒక్క కన్నే. రెండోది ఒత్తి మీదే ఉంది.