తెరిచిన కత్తితో కిరాయి ఇంటికి

చేతిలో తెరిచిన కత్తి పట్టుకుని ఎవరైనా కిరాయి ఇల్లు అడగడానికి పోతారా? మొన్న ఆదివారం నేను పోయాను. నవ్వండి, పర్వాలేదు, కానీ మొత్తం విన్నాక నవ్వండి.

మా ఆవిడ పిట్లంలో పుట్టింట్లో ఉంది కదా. పాపకు మూడో నెల. నేనుండే గదేమో పై అంతస్తులో, మెట్లు నిటారుగా ఉంటాయి, నల్లా కింద. పసిదాన్ని ఎత్తుకుని ఆ మెట్లు ఎక్కడం తలుచుకుంటేనే నాకు భయం. కింద ఇల్లు చూస్తే తప్ప రానని తను తేల్చి చెప్పేసింది. బాన్సువాడలో నేను తిరగని గల్లీ లేదు. చివరికి బస్టాండు వెనక ఒక అవ్వ ఇంట్లో కిరాయి భాగం ఖాళీ అయిందని తెలిసింది. ఒక్కతే ఉంటుంది, నెమ్మదస్తులకు తప్ప ఇవ్వదట. ఆదివారం పొద్దున రమ్మంది.

పోయే ముందు చాయ్ తాగుదామని హోటల్ దగ్గర ఆగాను. అక్కడ మా అక్క మొగుడు కనిపించాడు, కోటగిరి నుంచి ఏదో పని మీద వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక జేబులోంచి కొత్త మడత కత్తి తీసి చూపించాడు. ఆన్‌లైన్‌లో తెప్పించాడట. నేను ఎరువుల షాపులో పనిచేస్తాను, బస్తాల దారం కోయడానికి నా జేబులోనూ ఒకటి ఉంటుంది. కట్టె పిడి, గోరుతో లాగి తెరవాలి. ఏళ్ళ తరబడి వాడి వాడి ఆ పిడి నా అరచేతికి తగ్గట్టు అరిగింది. ఇక ఊరుకుంటానా, నాదీ తీశాను.

"నీది తెరువాలంటే రెండు చేతులు గావాలె బామ్మర్ది. గీ బొడిపె సూడు, బొటనవేలితోటి ఒక్కసారి నూకితే సాలు," అన్నాడు బావ.

"బరువు సూడు బావ, జేబు కిందికి గుంజుతది. రబ్బరు పిడి గూడ జిగట జిగటగున్నది."

"జిగట గాదురా, గ్రిప్పు. తడి చేతిల గూడ జారది. పట్టి సూడు."

కత్తులు మార్చుకున్నాం. బొడిపె నెట్టగానే టక్‌మని తెరుచుకుంది. నిజం చెప్పాలంటే ఆశ పుట్టింది, కానీ బావ ముందు ఒప్పుకుంటానా. బ్లేడు పొడుగెక్కువైందని ఏదో వంక పెడుతుండగా ఆయనకు ఫోనొచ్చింది. కోత మిషను పొలం దగ్గరికి వచ్చేసిందట, మనిషి లేకపోతే పక్క పొలంలోకి దిగుతానంటున్నాడట డ్రైవరు. బావ బండెక్కి పోయాడు. నా కత్తి ఆయన జేబులో ఉండిపోయింది, ఆయన కత్తి నా చేతిలో.

మూద్దామని నొక్కాను. మడత పడలేదు. ఇంకా గట్టిగా నొక్కాను, బొడిపె తిప్పాను, పిడి తట్టాను. హోటలతను కూడా చూసి, "లాక్ పడ్డదన్నా, వేళ్ళు పోతయ్," అని నాకే ఇచ్చేశాడు. లాక్ పడిందని నాకూ తెలుసు, తీసేదెట్లాగో ఎవరికీ తెలియదు. బావ ఫోను ఎత్తలేదు. కోత మిషను చప్పుడులో ఏం వినపడుతుంది.

ఈలోగా అవ్వ ఫోను. "అస్తున్నవా బిడ్డా? ఇంకోళ్ళు గూడ అడుగుతున్నరు. ముందుగాల అచ్చినోళ్ళకే ఇస్త."

కత్తిని హోటల్లో పెట్టి పోదామంటే హోటలతను, "తెరిచిన కత్తి గల్లపెట్టె కాడుంటే గిరాకి ఎట్లొస్తదన్నా," అన్నాడు. జేబులో పెడితే మొన గుడ్డలోంచి తొడకు తగిలింది. ఇక చేసేదేం లేక పట్టుకున్న చేతికే దస్తీ చుట్టుకుని నడిచాను. ఎదురొచ్చిన ప్రతివాడూ నా చేతినే చూస్తున్నట్టనిపించింది. బస్టాండు దగ్గర ఒక పోలీసాయన మామూలుగా ఇటు తిరిగాడు. ఆయనెవరో నాకు తెలియదు, అయినా ఎడమ చేత్తో నమస్తే పెట్టాను.

అవ్వ మంచిగానే కూర్చోబెట్టింది. రెండు గదులు, వాకిట్లోనే నల్లా, ఒక్క మెట్టు కూడా లేదు. పాపను ఎక్కడ పడుకోబెట్టాలో కూడా అనుకున్నాను. అప్పుడు అవ్వ చాయ్ ఇచ్చింది. ఎడమ చేత్తో అందుకున్నాను. ఆమె మొహం మారిపోయింది.

"పెద్దోళ్ళిస్తే ఎడమ చెయ్యి పెడతరా బిడ్డా?"

"కుడి చెయ్యికి దెబ్బ తాకిందవ్వా," అనేశాను.

"అయ్యో, ఏది సూపియ్యి. పసుపు పెడ్త."

"వద్దవ్వా, చిన్నదే."

"చిన్నదానికి గింత గుడ్డ సుట్టుకున్నవా?"

లోపలికి పోయి పసుపు తెచ్చింది. వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నేను వెనక్కి లాగుతుంటే ఆమె ముందుకు లాగుతోంది. ఆమె వేళ్ళు సరిగ్గా బ్లేడు ఉన్నచోటే ఉన్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇల్లు పోతే పోయింది, ముసలామె వేలు తెగకూడదనుకుని, "ఆగవ్వా, అండ్ల కత్తున్నది," అని దస్తీ విప్పాను.

అవ్వ గుమ్మం దాకా జరిగింది. "ఇల్లడుగనికచ్చినవా, నన్ను పొడువనికచ్చినవా?"

బావ, కోత మిషను, లాకు, అన్నీ ఏకరువు పెట్టాను. నమ్మించాలని కత్తి ఆమె ముందే నొక్కి చూపించాను కూడా. అది ఇంకా తప్పయింది, ఆమె ఇంకో అడుగు వెనక్కి వేసింది.

"నీది గాని కత్తి, మూసుడు రాని కత్తి, ఎందుకు తెరిచినవ్?"

"పట్టుకుంటే ఎట్లుంటదో సూద్దామని అవ్వా."

అవ్వ తెచ్చిన పసుపు కింద పెట్టింది. "పెండ్లామున్నదా?"

"ఉన్నది. పాప గూడ ఉన్నది."

"ఫోన్ కలుపు."

ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను కత్తితో వాకిట్లో నిలబడ్డాను. అవతల మా ఆవిడ నవ్వు ఇక్కడికి వినపడుతోంది. చివరికి అవ్వ ఫోను నా చేతికిచ్చి, "ఇల్లు నీ పెండ్లానికిచ్చిన. తాళంచెవి గూడ ఆమె చేతికే ఇస్త. కత్తి మూసుడు రానోనికి నా ఇంటి తలుపు మూసుడు ఏమస్తది?" అంది.

సాయంత్రం బావ వచ్చాడు. పిడి లోపలున్న సన్నని రేకును వేలితో పక్కకు జరిపి, క్షణంలో మూసేశాడు. "మస్తు ఈజీరా," అన్నాడు. నా కత్తి నేను తీసుకున్నాను.

ఈ వారమే మా ఆవిడా పాపా ఆ ఇంట్లో దిగుతున్నారు. అవ్వ వాడకట్టంతా చెప్పేసిందట, కిరాయికి వచ్చేది తల్లీ బిడ్డా ఇద్దరేనని. ఒకాయన కూడా అప్పుడప్పుడు కనిపిస్తాడు, భయపడొద్దు, వాళ్ళ మనిషే అని.