తొమ్మిదో గుంత దగ్గర

మొన్న మోకాలి నొప్పికి నిజామాబాద్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి పోతే, ఆయన నా కాలు అటూ ఇటూ వంచి చూసి, వయసులో ఉన్నప్పుడు ఏమైనా ఆటలాడేవారా అని అడిగాడు. గోల్ఫ్ ఆడేవాణ్ణి అన్నాను. రాస్తున్న కలం ఆపి నా మొహంలోకి, తర్వాత నా చెప్పుల వంక చూసి, ఎక్కడ అన్నాడు. బోధన్ వైపు అన్నాను. నవ్వి మందులు రాసిచ్చాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ఆయన తప్పేమీ లేదు. చెరకు తోటల నడుమ తొమ్మిది గుంతల గోల్ఫ్ మైదానం ఒకటి ఉండేదంటే, ఆ రోడ్డు మీద రోజూ బస్సులో తిరిగిన మన ఈడు వాళ్లలోనే సగం మంది నమ్మరు.

అప్పట్లో నేనొక చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో సీజన్ కెమిస్టుగా ఉండేవాణ్ణి. చెరకు ఆడినన్నాళ్లే కొలువు. గంట గంటకూ రసంలో తీపి ఎంతుందో చూసి రాయడం నా పని. గానుగ ఆగిన మర్నాడు అక్కా వాళ్ల క్వార్టరు నుంచి పెట్టె సర్దుకొని ఇందూరులోని, అంటే నిజామాబాద్‌లోని, మా ఇంటికి చేరడం, మళ్లీ చలి మొదలైనప్పటి నుంచి పిలుపు కాగితం కోసం పోస్టుమన్ దారి చూడడం, ఇట్లా ఆరేళ్లు గడిచాయి. పెళ్లి సంబంధాల వాళ్లు ఎన్ని నెలల కొలువని అడిగితే మా నాయన తల వంచుకొనేవాడు.

మా బావ, అంటే అక్క భర్త, ఆఫీసర్ల క్లబ్బులో మాలీ. మైదానమంతా ఆయన చేతి కిందే ఉండేది. మన ఎండలకు గుంతల చుట్టూ పచ్చిక నిలవదు కనుక, ఇసుకలో పాత ఇంజను నూనె కలిపి, రోలరు తిప్పి అద్దంలా చదును చేసేవాడు. ఆయనకు ఆట ఎవరూ నేర్పలేదు. ఏళ్ల తరబడి దొరల కర్రల సంచులు మోసి, వాళ్ల బంతులు వెతికి వెతికి నేర్చుకున్నాడు. ఎవరో పారేసిన కర్రకు విరిగిన చోట తీగ చుట్టుకొని, పొద్దున్నే ఆఫీసర్లు రాకముందు ఆయన బంతి కొడితే ఆ చప్పుడే వేరుగా ఉండేది. ఆ పొద్దుటి పూటల్లోనే నాకూ నేర్పాడు. బంతిని కొట్టాలని చూడకు, కర్రను పోనియ్యి, బంతి దానంతటదే పోతది అనేవాడు. డిగ్రీ ఉన్నది కనుక నాకు క్లబ్బులో ఆడే అర్హత ఉండేది. నాకంటే ఎంతో బాగా ఆడే బావకు సంచి మోసే అర్హత మాత్రమే ఉండేది. అప్పుడది నాకు వింతగా తోచనే లేదు.

ఆరో ఏడు మా ప్రయోగశాలలో ఒక పర్మనెంటు కొలువు ఖాళీ అయింది. అది ఎవరికివ్వాలన్నది చీఫ్ కెమిస్టు చేతిలో ఉంది. సీజన్ ముగిసే ముందు ఆదివారం ఆఫీసర్లకు కప్పు పోటీ జరిగేది. అప్పటికే చాలామంది సెలవు మీద పోవడంతో ఆడేవాళ్లు తక్కువపడి, చీఫ్ తనకు ఎదురు ఆడమని నన్ను పిలిచాడు. ఆయన సంచి బావ మోయాలి. ఆరాధన మానుకొని ఆటేందని అక్క చర్చికి పోతూ పోతూ గొణిగింది కాని, మా ఇద్దరి చొక్కాలూ ఇస్త్రీ చేసి పెట్టే పోయింది.

నా ఆట ఆనాడు ఒక తీరుగా సాగలేదు. మొదటి బంతి గీత గీసినట్టు పోయేసరికి తలకు పొగరెక్కి, రెండోదాన్ని బలం కొద్దీ బాది కోసిన చెరకు మోళ్లలో పడేశాను. మూడో గుంత దగ్గర ఇసుక మీద బంతి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు గుంతను దాటిపోతూ నన్ను ఆడించింది. నాలుగో గుంత దగ్గర ఫ్యాక్టరీ మడ్డి వాసన కొట్టే కాలువలో పడింది. చీఫ్ మంచి హుషారులో ఉండి తన కాలేజీ రోజుల ముచ్చట్లు చెప్పసాగాడు. అయిదో గుంతకు నడుస్తుండగా, బావ సంచితో నా పక్క నుంచి పోతూ, పెదవులు కదపకుండా, "భుజాలు బిగవట్టినవ్, జర ఇడువు" అన్నాడు. విడిచాను. అంతే, ఆట మళ్లీ నా దగ్గరికి వచ్చింది. తక్కువ దెబ్బల్లో బంతి పడేసినవాడిదే గుంత, అట్లా ఆరు, ఏడు నావయ్యాయి. ఎనిమిదో దగ్గర పదడుగుల నుంచి దొర్లించిన బంతి గుంతలో పడ్డప్పుడు లెక్క సమమైంది. చీఫ్ ముచ్చట్లు ఆపేశాడు. నేను బావ వైపు చూశాను. ఆయన గుంతలో గుచ్చే జెండా పట్టుకొని నేల చూస్తున్నాడు కాని మీసాల కింద నవ్వు దాగలేదు.

తొమ్మిదో గుంత దారి పొడవునా ఇంకా కోయని చెరకు. తోటకూ మైదానానికీ నడుమ సున్నం పూసిన రాళ్లు ఉండేవి. బంతి రాయి దాటితే ఒక దెబ్బ లెక్కకు కలిపి మళ్లీ మొదట కొట్టిన చోటు నుంచే కొట్టాలి. నా బంతి నడిమధ్య పడింది. చీఫ్ బంతి వంకర తిరిగి, రాళ్లు దాటి చెరకులోకి పోయింది. మట్టి లేవడం, ఆకు కదలడం ఈ రెండు కళ్లతో చూశాను. చీఫ్ అందరికంటే ముందు గబగబా నడిచాడు. మేము చేరేసరికి ఆయన బూటు పక్కన, రాయికి ఇవతల, జానెడు దూరంలో బంతి ఉంది.

"అదృష్టం, లోపలే ఉంది" అన్నాడు చీఫ్.

బావ సంచి దించి నిలబడ్డాడు. "లేదు సార్, రాయి అవుతల వడ్డది. నేను సూసిన."

గొంతు పెంచలేదు. వేళ ఎంతయిందో చెప్పినట్టు చెప్పాడు. చీఫ్ ఆయన వైపు చూడనైనా చూడకుండా, నా వైపు తిరిగి చిన్నగా నవ్వి, "నువ్వు చెప్పవయ్యా, ఎక్కడ పడింది?" అన్నాడు.

బావ నన్ను చూస్తున్నాడు. నాకు మా నాయన వంచిన తల కనబడింది. "ఎండ కండ్లల్ల వడ్డది సార్, సరిగ కనబడలే" అన్నాను. ఎండ మా వీపుల వెనక ఉంది.

ఆ గుంతను, దాంతో ఆటను, చీఫ్ ఒక దెబ్బ తేడాతో గెలిచాడు. క్లబ్బు వరండాలో చాయ్ తాగుతుంటే నా భుజం మీద చేయి వేశాడు. ఆ చేయి తీసేయలేదు నేను.

వారం తిరగకుండా బావను క్లబ్బు నుంచి చెరకు యార్డుకు మార్చారు. బండ్ల నుంచి మోపులు దించే పని. నెల లోపల నాకు పర్మనెంటు కాగితం వచ్చింది. ఆ సాయంత్రం అన్నం పెడుతూ అక్క అడిగింది, "నాకొక్కటి చెప్పు తమ్మీ. ఆ బంతి ఏడ వడ్డదో నువ్వు సూసినవా, సూడలేదా?" సూడలే అక్కా అన్నాను. బావ తల ఎత్తకుండా తింటూనే ఉన్నాడు. ఆయన ఒక్క మాట తిట్టి ఉంటే ఇన్నేళ్లు నాకు కొంత తేలికగా ఉండేదేమో. తీగ చుట్టిన ఆ కర్రను మాత్రం మళ్లీ ఆయన చేతిలో చూడలేదు. రెండో ఏడు మోపు జారి నడుము మీద పడ్డప్పటి నుంచి వంగే నడుస్తున్నాడు. నేను ఏ కొలువు కోసం నోరు మూసుకున్నానో ఆ కొలువు కూడా నిలవలేదు. ఫ్యాక్టరీ మూతబడింది. పసుపు మార్కెట్ యార్డులో ఒక సేటు దగ్గర గుమాస్తాగా మిగతా జీవితం వెళ్లదీశాను. అక్క పోయి మూడేళ్లయింది. ఆమెకు చెప్పిన అబద్ధం అబద్ధంగానే మిగిలిపోయింది.

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన మూడో రోజు, కాలు గుంజుతున్నా, బస్సెక్కి బావ ఇప్పుడుంటున్న నవీపేట్ పోయాను. బావ పొలం గట్టు మీద తువ్వాల పరుచుకొని కూచున్నాడు. పక్కన కూచొని చాలాసేపు వానల సంగతి, ఎరువుల సంగతి మాట్లాడి, చివరికి అన్నాను, "బావా, ఆనాడు నేను సూసిన."

ఆయన నా వైపు తిరగలేదు. "నాకెరుకే. నువ్వు సూసినవని గప్పుడే ఎరుకే."

"మరి ఎన్నడూ అడుగకపోతివి."

"అడిగితే ఏమంటవో అది గూడ ఎరుకే." గట్టు మీద చేయి ఆనించి మెల్లగా లేచాడు. "మీ అక్క ఉన్నప్పుడు చెప్తే అయిపోతుండె. నేనే అబద్ధమాడి పని పోగొట్టుకున్ననేమో అని ఆమెకు చివరిదాంక అనుమానమే. గిప్పుడు నాకు చెప్పి ఏం ఫాయిదా. కరెంటొచ్చే యాల్లయింది, మోటరు ఎయ్యాలె."

వంగిన నడుముతో మడి దాటి పోయాడు. నేను వెళ్తానని చెప్పడానికి చాలాసేపు చూశాను. ఆయన తిరిగి రాలేదు.

ఆ మైదానం ఇప్పుడు ప్లాట్లయింది. రంగురంగుల గేట్లు, మేడల మీద నీళ్ల ట్యాంకులు. చెరకు బండ్ల వరసలు లేవు. ఊరంతా కమ్ముకొనే ఆ కాగిన రసం వాసన ఎట్లా ఉండేదో చెబితే ఇప్పటివాళ్లకు తెలియదు. వాటి కోసం నాకూ ప్రాణం కొట్టుకుంటుంది. కాని మన ఈడు వాళ్లు నలుగురు కూడిన చోట, కాలం పాడైపోయింది, అప్పటి మనుషులు ఎంత నిజాయితీగా ఉండేవాళ్లు అని మాట మొదలైతే మాత్రం, నేను చాయ్ గ్లాసు తీసుకొని కొంచెం దూరంగా జరిగి కూచుంటాను. అప్పటి మనుషుల్లో నేనూ ఒకణ్ణి.