ఇంటిపేరు మారిన అత్తల కోసం ఖరగ్‌పూర్‌కి

ఖరగ్‌పూర్ వెళ్ళేవారికి పెళ్ళో, ఉద్యోగమో కారణం. నాకు రొమ్ములో చేతికి తగిలిన గడ్డ కారణం. డెబ్బైల నాటి మాట. వాల్తేరులో డాక్టరమ్మ గడ్డ నొక్కి చూసి, "మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా?" అని అడిగింది. లేదన్నాను. "మీ మేనత్తలకి?" అంది. "వాళ్ళది వేరే ఇంటిపేరండీ" అన్నాను. ఆవిడ నా ముఖంకేసి అలాగే చూసింది. "పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది గానీ పుట్టుక మారదు కదమ్మా! కొన్ని కుటుంబాల్లో ఈ ముప్పు రక్తంలోనే దిగుతుంది. వచ్చే వారం ఆపరేషన్. ఈలోగా కనుక్కో" అంది.

మా పెద్దత్త ఖరగ్‌పూర్‌లో చిన్న వయసులోనే పోయింది. ఎందుకని నాన్నని అడిగితే, "ఏదో జబ్బు. వాళ్ళ అత్తారింటి సంగతులు మనకెందుకు?" అని కసిరాడు. ఉత్తరం రాసి జవాబు కోసం కూర్చునే వ్యవధి లేదు. చిన్నత్త కూడా ఆ ఊళ్ళోనే ఉంది కాబట్టి బయల్దేరాను.

సాయంత్రం వాల్తేరులో మెయిలెక్కితే తెల్లారేసరికి ఖరగ్‌పూర్. చిలికా సరస్సు చూడాలనుకునేవాళ్ళు పగటి బండి ఎక్కండి, మెయిల్లో అంతా చీకటే. నాకైతే సరస్సు మీద ధ్యాసే లేదు. ఎంత వద్దనుకున్నా చెయ్యి ఆ గడ్డ దగ్గరికే పోతోంది. స్టేషన్ బయట బెంగాలీ రిక్షా అతనికి వచ్చీరాని హిందీలో దారి చెప్పబోయాను. "ట్రాఫికా, దీదీ? ముప్పావలా. కూకో" అన్నాడు శుభ్రంగా మన తెలుగులో! ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

ట్రాఫిక్ అంటే రైల్వే కాలనీ. ఒకేలాంటి క్వార్టర్లు, గుమ్మం గుమ్మానా శ్రీకాకుళం యాస. వర్క్‌షాపు సైరన్ కూసి మగవాళ్ళు వెళ్ళిపోయాక చేరాను. చిన్నత్త నర్సమ్మ అంట్లు తోముతోంది.

"ఏటే, కబురైనా నేదు! అన్నయ్య బాగున్నాడా?"

మరమరాల్లో ఉల్లిపాయ, ఆవనూనె కలిపి, టీ ఇచ్చింది. పెద్దత్త సంగతి అడిగాను. ఇంట్లో ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించింది.

"అక్కకి రొమ్ములో గెడ్డ. పుండు పడిపోనాది. ఆల అత్తకీ ఏదో గెడ్డే కద. ఆ ఇంటి జబ్బే ఇది అనుకున్నాం."

"మరి మనింట్లో?"

"మనింటికేటి? అక్క ఇంటిపేరు మారిపోనేదా?"

వాల్తేరులో నేనన్న మాటే అది. నాకొచ్చిన గడ్డ సంగతి చెప్పాను.

అత్త లేచి తలుపు గడియ పెట్టింది. నా చెయ్యి పట్టుకుని తన రవికె కింద ఎడమవైపు ఆనించుకుంది. నిమ్మకాయంత ఉంది, రాయిలా.

"అక్కదొక ఇంటిపేరు, నాదొకటి. నాకెలాగ వస్తాదనుకున్నానే" అంది. "మీ మామకి సెప్నేదు."

సాయంత్రం బండికి అత్త నాతోపాటే ఎక్కింది. మామయ్య ప్లాట్‌ఫారం మీద చేతులు వేలాడేసుకుని నిలబడిపోయాడు.

నా గడ్డ చిన్నగా ఉండగానే తీసేశారు, బతికాను. అత్తది ఆలస్యమైంది, ఏడాది తిరక్కుండానే పోయింది. దిగేది జబ్బు కాదు, ముప్పు మాత్రమేనని, అది అందరికీ దిగదని, మా నాన్నలాంటి ఆరోగ్యవంతుడి నుంచి కూడా దిగవచ్చని డాక్టరమ్మ చెప్పింది. అర్థమైంది గానీ భయం పోలేదు. నాకో కూతురుంది, తమ్ముడికో కూతురుంది. ఇద్దరివీ వేర్వేరు ఇంటిపేర్లు. ఏ పిల్ల వేళ కాని వేళ ఫోన్ చేసినా, విషయం చెప్పేదాకా ఊపిరి బిగబట్టి వింటాను.

ఇలాంటి పని మీద వెళ్ళేవారికి ఒక్క సలహా. మగవాళ్ళు పనికి పోయాక వెళ్ళండి. "మనింట్లో ఎవరికైనా" అని కాక, అత్తల్నీ పిన్నమ్మల్నీ పేరుపేరునా అడగండి. పోయినవాళ్ళ సంగతి విన్నాక లేచి వచ్చెయ్యకుండా, ఎదురుగా కూర్చుని చెబుతున్న మనిషిని "మరి నీకో?" అని అడగండి.